ఊపిరికో సొరుగు

“ఎవరిదిది?”

అడిగింది మావగారు. అడగడమే గానీ, ఆ గొంతులో తెలుసుకోవాలన్న ఆసక్తేమీ లేదు. తెలిసిందాన్ని ఒప్పించాలన్న పట్టుదల ఉంది.

గంజి గిన్నెల మధ్య, ఊరబెట్టిన దోసకాయ సీసాకూ వేయించిన వేరుశెనగ పళ్ళేనికీ నడుమ, వాన్‌రూ కొత్త ఇన్‌హేలర్ నిటారుగా నిలబెట్టి ఉంది. అడుగు ఎర్రగా ఉన్న తెల్లటి గొట్టం. నిన్నటిదాకా స్కూటర్ సీటు కింద, వానకోటు మడతల్లో ఉండేది. పొద్దున్నే అత్తగారు షియులువాన్ ఆ కోటు ఆరేద్దామని తీసింది.

“నాది” అంది వాన్‌రూ.

పది రోజుల కిందట ఈ ఒక్క మాట ఆమె నోటివెంట రాలేదు. ఆ రోజు ఏటా ఎండల్లో వీపు మీద వేసే మందు పట్టీల్లో మొదటిది. ఇంటి ముందరి మూలికల కొట్టు నిండా జనం. నీలం రంగు ఇన్‌హేలర్ ఆమె ఏప్రన్ జేబులోంచి జారి, ముప్పై మంది చూస్తుండగా గచ్చు మీద టకటకా దొర్లింది. మావగారు వంగి తీసి, “ఎవరో మరిచిపోయినట్టున్నారు” అని గల్లా పక్కన పెట్టాడు. వాన్‌రూ తల వంచుకుని అల్లం పొట్లాలు కట్టింది. తన ఊపిరి తనది కాదన్నట్టు.

“నీలంది పోయి ఎర్రది వచ్చిందన్నమాట” అన్నాడు మావగారు థియెన్‌సోంగ్. “పామును వదిలించుకుని కొండచిలవను తెచ్చుకున్నావు. లోపల ఏముందో తెలుసా?”

“తెలుసు మావయ్యా. డాక్టరమ్మ చెప్పింది.”

“స్టెరాయిడ్! ముఖం చందమామలా ఉబ్బుతుంది. ఎముకలు గుల్లబారతాయి. షీలువో ఊళ్ళో మూడు తరాలుగా ఆయాసానికి మందేస్తున్న ఇల్లు ఇది. ఆ ఇంటి కోడలు స్టెరాయిడ్ పీలుస్తుందా?”

“మాత్రలుగా నెలల తరబడి మింగితే మీరన్నవన్నీ వస్తాయి. ఇది ఊపిరితో నేరుగా లోపలికి పోయే పొడి. రవ్వంత. పీల్చాక నోరు పుక్కిలిస్తే సరిపోతుంది. సరైన మందు వాడక ఆయాసం ముదరబెట్టుకుంటేనే ఆ మాత్రలు మింగాల్సి వస్తుంది.”

“అబ్బో! పాఠాలు కూడా నేర్చుకొచ్చింది” అంది షియులువాన్, గంజిలో చిలగడదుంప ముక్క వేసుకుంటూ. “అయినా నీకేమంత ముంచుకొచ్చిందని? తేలిక ఉబ్బసమేనని ఇందాక నువ్వే అన్నావుగా. వారానికి ఒకటి రెండుసార్లు దగ్గుతావు. నెలకోసారి నిద్రలో లేస్తావు. ఆ మాత్రానికి ఇంత రాద్ధాంతమా? మా కాలంలో అయితే దాన్ని దగ్గు అని కూడా అనేవాళ్ళం కాదు.”

మొగుడు మింగ్‌దా గంజి గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. అందులో ఏదో పడిపోయినట్టు, దాన్ని వెతుకుతున్నట్టు.

వాన్‌రూకి క్లినిక్ గుర్తొచ్చింది. డాక్టరమ్మ చెవి మీద పెన్ను దోపుకుని, “నీలంది ఎన్నాళ్ళకొకటి అవుతుంది?” అని మామూలుగా అడిగింది.

“ఇదివరకు ఏడాదికొకటి. ఈ ఏడు... జూలైకే రెండోది.”

డాక్టరమ్మ అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“చూడమ్మా, నీలంది బిగుసుకున్న గొట్టాలను విప్పుతుంది. అంతే. లోపలి వాపు జోలికి అది పోదు. హాయిగా ఉంది కదా అని నువ్వు అదే పీలుస్తూ పోతావు, లోపల వాపు దాని పని అది చేసుకుపోతుంది. ‘తేలిక’ అన్నది ఇప్పుడు నువ్వు పడుతున్న బాధకు పేరు. రాబోయే ప్రమాదానికి కాదు. తేలిక ఉబ్బసం వాళ్ళు కూడా ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై ఆసుపత్రికి వస్తారు.”

దారులు రెండున్నాయని చెప్పింది. ఒకటి, వాపు తగ్గించే మందు కొద్దిపాటి మోతాదులో రోజూ పీల్చడం, అవసరమైతే నీలంది. రెండోది, వాపు తగ్గించేదీ గొట్టాలు విప్పేదీ రెండూ ఒకేదాంట్లో ఉన్న ఈ ఎర్ర అడుగు గొట్టం. ఆయాసం అనిపించినప్పుడల్లా ఇదే. నీలంది ఇక అక్కర్లేదు.

“ఏది కుదురుతుంది నీకు?”

“రోజూ అంటే... మా ఇంట్లో దానికి చోటు లేదండీ.”

“చోటు లేకపోవడమేమిటి? అరచేతిలో పట్టేదానికి?”

డాక్టరమ్మ కాసేపు ఆమె ముఖంలోకి చూసి, “సరే, రెండోదే రాస్తాను. కానీ ఒక్క షరతు. ఆయాసం వచ్చినప్పుడు అది చేతికి అందాలి. బాత్రూం దాకా పరిగెత్తి, తలుపేసుకుని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో పీల్చే మందు కాదిది” అంది.

కుళాయి సంగతి వాన్‌రూ ఆమెకు చెప్పనేలేదు. తనలాంటి కోడళ్ళు ఆ కుర్చీలో ఇంకెంతమంది కూర్చున్నారో.

“వింటున్నావా?” మావగారి గొంతు ఆమెను గంజి బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. “ఇవాళ మధ్య పట్టీ. తొమ్మిదింటికి తలుపు తీస్తాం. ఎప్పటిలాగే ముందు కుర్చీలో నువ్వు కూర్చుంటావు. ఇవాళ వేసే మొదటిది నీ వీపు మీదే పడాలి. పది రోజులుగా ఊళ్ళో గుసగుసలు. వంతెన అవతలిదాకా పాకాయి. నువ్వు కూర్చుంటే అవే అణిగిపోతాయి.”

“కూర్చుని ఏం చెప్పాలి మావయ్యా?”

“నువ్వేం చెప్పనక్కర్లేదు. ఎప్పుడు చెప్పావు గనక? చెప్పేది నేను.”

నిజమే. ఏటా ఆయనే చెప్తాడు. ‘నా కోడలిని చూడండి. కాపురానికి వచ్చినప్పుడు మెట్లెక్కితే పిల్లికూతలు. ఏటేటా పట్టీ. ఇప్పుడు బస్తాలు మోస్తోంది.’ జనం ఆమె వీపు వంక చూస్తారు. ఆమె గోడవంక చూస్తుంది. సాయంత్రం బాత్రూంలో కుళాయి తిప్పుతుంది.

“కూర్చోను” అంది వాన్‌రూ.

షియులువాన్ చేతిలో గరిట ఆగింది. మింగ్‌దా గిన్నెలోంచి తలెత్తాడు.

“ఏమన్నావ్?”

“పట్టీ మీద నాకు పగలేదు మావయ్యా. ఎవరికి హాయిగా ఉంటే వాళ్ళను వేయించుకోనివ్వండి. నా వీపును సాక్ష్యానికి పిలవకండి. అది అబద్ధం ఆడుతోంది. పదేళ్ళుగా ఆడుతోంది.”

థియెన్‌సోంగ్ లేచాడు. ఇన్‌హేలర్ వైపు చెయ్యి చాచాడు. అంతకంటే ముందే వాన్‌రూ దాన్ని తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఈసారి పై జేబులో. ఎర్ర అడుగు బయటికి కనపడేలా.

“తొమ్మిదవుతోంది” అని గంజి గిన్నెలు ఎత్తింది.

*

తొమ్మిదిన్నరకి వరుస సోయా జాడీల కొట్టు దాకా సాగింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మహా ఎండల్లో ఒంటి రంధ్రాలు తెరుచుకుంటాయని, అప్పుడు వీపు మీద వేసిన మందు ఎముకల దాకా దిగి చలికాలపు దగ్గును పెళ్ళగిస్తుందని ఇక్కడి వాళ్ళ నమ్మకం. మొదటిది, మధ్యది, చివరిది. పది పది రోజుల ఎడంతో మూడు పట్టీలు. వరుసగా మూడేళ్ళు.

థియెన్‌సోంగ్ తెల్లావాల పిండిలో అల్లం రసం పోసి కలుపుతున్నాడు. ఆ ఘాటు చూరు దాకా లేస్తోంది. మింగ్‌దా బిళ్ళలు వత్తుతున్నాడు. షియులువాన్ ఆడవాళ్ళ వీపులు తుడుస్తోంది. వాన్‌రూ గల్లా దగ్గర చీటీలిస్తోంది.

ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

జనం ఆ కుర్చీనీ, వాన్‌రూ జేబునీ మార్చి మార్చి చూస్తున్నారు. ఎవరూ అడగడం లేదు. అడక్కపోవడంలోనే అంతా అడిగేస్తున్నారు.

“అక్కా...”

ఒకామె గల్లా మీదికి వంగింది. పేరు లిన్. నిరుడు మూడు పట్టీలకూ వచ్చింది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు టింగ్‌టింగ్, రెండు జడలు, చేతిలో చల్లటి బార్లీ నీళ్ళ డబ్బా.

“నిరుడు ముందు కుర్చీలో కూర్చుంది మీరే కదూ? మీ మావగారు చెప్పారు, పట్టీ పడుతోంది కదా, ఇక ఆ పీల్చే మందు మెల్లగా మానిపించెయ్ అని. బాగానే ఉంది కదా అని నెల కిందట మానిపించేశాను. వారం నుంచి తెల్లవారుజామున దగ్గుతోంది. పాత దోషం బయటికి పోతోంది, ఓర్చుకోవాలి అంటున్నారు పెద్దాయన. మీక్కూడా అలాగే పోయిందా?”

టింగ్‌టింగ్ దగ్గింది. పొడిగా, చిన్నగా. దగ్గు చివర సన్నని ఈల.

ఆ ఈల వాన్‌రూకి తెలుసు. పదేళ్ళ వయసు నుంచీ తెలుసు.

“పట్టీ వేయించుకో, వేయించుకోకపో, అది నీ ఇష్టం. ఆ మందు మాత్రం...” అని మొదలుపెట్టిందో లేదో, వెనకనుంచి థియెన్‌సోంగ్ గొంతు కొట్టంతా మోగింది.

“కోడలా! రా, కూర్చో. మంచి ఘడియ దాటిపోతోంది.”

ముప్పై తలలు ఆమె వైపు తిరిగాయి. ఇంట్లో ‘కూర్చోను’ అనడం ఒకటి. ఇందరి ఎదుట అనడం ఇంకొకటి. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు. దాని మీదే ఆయన లెక్క.

వాన్‌రూ గల్లా వెనకనుంచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

మావగారి ముఖం విప్పారింది. “చూడండి, నా కోడలు...” అంటూ పట్టీ అందుకున్నాడు.

కానీ ఆమె గోడవైపు తిరగలేదు. జనం వైపు తిరిగి కూర్చుంది. ఆవాల ఘాటుకు ఛాతీ అప్పటికే బిగుసుకుంటోంది. ఎవరో లోపల తాడు వేసి లాగుతున్నట్టుంది. పది రోజుల కిందట అయితే ఈపాటికి బాత్రూం వైపు నడిచేది.

పై జేబులోంచి గొట్టం తీసింది. మూత విప్పింది. ఎర్ర అడుగు అటు తిప్పి ఇటు తిప్పింది. టిక్‌మంది. ఊపిరి మొత్తం బయటికి వదిలి, గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని, గట్టిగా, లోతుగా పీల్చింది. కళ్ళు మూసుకోలేదు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టి వదిలింది. పక్కనున్న చెంబులో నీళ్ళు పుక్కిలించి తొట్టిలో ఉమ్మింది.

“మొన్న కింద పడింది నాదే” అంది వాన్‌రూ. “నాకు తేలిక ఉబ్బసం ఉంది. పట్టీలతో పోలేదు. పోయిందని మీరనుకునేలా ఏటా ఈ కుర్చీలో కూర్చున్నాను. తప్పు నాది కూడా. లిన్, నువ్వు పాపను ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. డాక్టరును అడక్కుండా మందు మానిపించకు. ఆ ఈల దోషం పోతున్న చప్పుడు కాదు.”

“అయితే పట్టీ దండగంటావా?” వెనక వరుసలో ఒకాయన గద్దించాడు.

“నా నడుముకి బాగానే పనిచేసింది” అన్నాడు ఇంకొకాయన.

“నీ నడుముకి నీ పెళ్ళాం ఊరెళ్ళడం పనిచేసింది” అని ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మావగారి ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే చచ్చింది.

లిన్ కూతురి భుజం పట్టుకుని నిలబడిపోయింది. “పెద్దాయన మానమన్నారు, మీరు వద్దంటున్నారు. నేనెవరి మాట వినేది అక్కా?” అంది ఏడుపు గొంతుతో. జవాబు కోసం చూడకుండా పిల్లను లాక్కుని ఎండలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు తలుపు పక్కన బల్ల మీద కూర్చున్న జుంగ్ బామ్మ చేతికర్రతో గచ్చు మీద కొట్టింది. ఎనభై దాటిన మనిషి. ఈ వీధిలో అందరికంటే పాతది.

“ఒరే సోంగూ! ఈ పిల్ల అచ్చం బీయున్‌లా కూర్చుందిరా ఆ కుర్చీలో. అదే పొగరు. అదీ ఇలాగే మీ నాన్న మాట వినకుండా...”

థియెన్‌సోంగ్ చేతిలో పట్టీ జారి కింద పడింది. ఆయన వంగి తీయలేదు.

“ఇవాళ్టికి చాలు” అన్నాడు. “భోజనాలయ్యాక మూడింటికి రండి.”

ఇంకా పదకొండు కూడా కాలేదు.

*

మింగ్‌దా శటర్ దించాడు. కొట్టు చీకటైంది. మావగారు వెనక గదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపటినుంచి కడుక్కుంటూనే ఉన్నాడు.

“ఎంత పని చేశావ్” అన్నాడు మింగ్‌దా గొంతు తగ్గించి. “నాతో ఒక్క మాట చెప్తే నాన్నకు నచ్చజెప్పేవాణ్ణి కదా.”

“ఎప్పుడు చెప్పేవాడివి? పదేళ్ళు చాల్లేదా?”

“నాకు ఇవాళ పొద్దున్నేగా తెలిసింది...” అని ఆగిపోయాడు. అబద్ధం రాదతనికి. చెవులు ఎర్రబడతాయి.

వాన్‌రూ అతని చెవుల వంక చూసింది.

“నీకు తెలుసు.”

అతను పిండి అంటిన వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

“ఎప్పటినుంచి?”

“ఆరేళ్ళయింది. బాత్రూంలో కుళాయి... అంతసేపు ఎవరు తిప్పుతారు? ఒకసారి కోటు జేబులో చూశాను. నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నాను.”

“నేను సిగ్గుపడతానని కాదు. మీ నాన్న కోప్పడతాడని.” ఆమె గొంతు పెరగలేదు, బిగిసింది. “తెల్లవారుజామున నేను ముసుగు కింద దగ్గు మింగుతుంటే నువ్వు మేలుకునే ఉన్నావు కదూ? వింటూ పడుకున్నావు.”

అతను పిండి పళ్ళెం పక్కకి జరిపాడు.

“ఒక్కసారి మంచినీళ్ళిచ్చి ఉంటే చాలేది మింగ్‌దా. మందు కూడా అక్కర్లేకపోయేది నాకా రోజుకి.”

“ఇద్దరూ ఆపండి” అంది షియులువాన్ తడిబట్ట పిండుతూ. “ఇంటి పరువు వీధిన పడింది, మీకిప్పుడు పాత ముచ్చట్లు కావాలి.”

“బీయున్ ఎవరు అత్తయ్యా?”

పిండుతున్న బట్ట అలాగే ఆగింది. “బామ్మకు మతి చలించింది. ఏదో వాగింది.”

వెనక గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. థియెన్‌సోంగ్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తిడతాడని అందరూ అనుకున్నారు. తిట్టలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

“చివరి పట్టీ దాకా నువ్వు కొట్టులోకి రావద్దు” అన్నాడు. “నీ గదిలో ఉండు. ఆ గొట్టం ఈ ఇంట్లో ఉండకూడదు.”

“వస్తాను మావయ్యా. అదీ ఉంటుంది. నేను బతకాల్సింది ఈ ఇంట్లో అయితే, నా మందు ఉండాల్సిందీ ఈ ఇంట్లోనే.” వాన్‌రూ గోడనిండా నిలువెత్తున ఉన్న మూలికల సొరుగుల వైపు చెయ్యి చూపింది. “ఇది మందుల కొట్టు. నాదీ మందే. నాకో సొరుగు కావాలి. గల్లాకు దగ్గరగా, చెయ్యి చాపితే అందేది. పైన నా పేరు రాసుకుంటాను.”

“మా తాత చేయించిన సొరుగుల్లో ఆ విషమా?”

“తాతగారి కాలంలో ఇది ఉండి ఉంటే ఆయనే పెట్టుకునేవారేమో. తెలివైన మనిషని మీరే అంటారుగా.”

ఆమె వంగింది. గల్లా పక్కన, అట్టడుగు వరుసలో, చివరి సొరుగు. అతికించిన కాగితం మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. పదేళ్ళలో ఎవరూ తెరవగా ఆమె చూడలేదు. ఖాళీ అనుకుంది. ఇత్తడి పిడి పట్టుకుని లాగింది. కదల్లేదు.

“అది కాదే!” షియులువాన్ కేక పెట్టింది. “ఏదైనా తీసుకో, అది వద్దు!”

వాన్‌రూ రెండు చేతులతో లాగింది. ఉబ్బిన చెక్క కీచుమంటూ ఊడి వచ్చింది.

లోపల మూలికల వాసన లేదు. మైనపుగుడ్డ మూట ఒకటి. విప్పింది. చిలుక ముక్కులా వంపు తిరిగిన గాజు గొట్టం, దానికి రబ్బరు బంతి. బంతి గట్టిపడి, ఎండిన చేను నేలలా పగిలి ఉంది. చేత్తో నొక్కితే మందు తుంపరగా ఎగిరే పాతకాలపు పరికరం. ఇలాంటిది బొమ్మలో కూడా ఆమె చూడలేదు. అయినా చూడగానే తెలిసింది. ఊపిరి తెలియని వాళ్ళకు అది గాజుముక్క. ఊపిరాడని వాళ్ళకు దాని వాడకం ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఇదెవరిది?” అంది.

పొద్దున మావగారు అడిగిన ప్రశ్నే. ఈసారి అడిగిన మనిషికి నిజంగా తెలియదు.

థియెన్‌సోంగ్ ముందు కుర్చీ మీద కూలబడ్డాడు.

“మా అక్కది” అన్నాడు.

మింగ్‌దా తండ్రి వైపు వింతగా చూశాడు. “నీకు అక్కెక్కడుంది నాన్నా?”

“పెళ్ళికాకుండా పోయిన పిల్లకి ఇంట్లో పూర్వీకుల పీఠం మీద చోటుండదురా” అంది షియులువాన్ మెల్లగా. “కొండ మీద గుడిలో పెట్టారు పేరు. నీకెవరు చెప్తారు?”

“పంతొమ్మిదేళ్ళు దానికి” అన్నాడు థియెన్‌సోంగ్. కోడలితో కాదు, కొడుకుతో కాదు. ఆ గాజు గొట్టంతో మాట్లాడుతున్నట్టుంది. “తైచుంగ్‌లో టోపీల ఫ్యాక్టరీలో పనిచేసేది. తన జీతంతో కొనుక్కుంది. సెలవుకని ఇంటికి తెచ్చింది. కొట్టులో జనం ముందే నొక్కుకునేది, భయం లేదు దానికి. నాన్న మండిపడ్డాడు. ఇది తీసుకెళ్ళి ఎక్కడైనా దాచెయ్ రా అన్నాడు నాతో. నాకు పదమూడు.”

ఆయన ఆగాడు.

“నేనే దాచాను. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆవాలు దంచుతుంటే దానికి ఆయాసం వచ్చింది. ఎప్పుడూ అంత రాలేదు. తేలిక దగ్గే, తగ్గిపోతుందని నాన్న పట్టీ తేవడానికి లోపలికెళ్ళాడు. అది సొరుగులు తెరవడం మొదలెట్టింది. పైనుంచి. ఒక్కొక్కటే. మాట రావడం లేదు దానికి, నా వైపు చూస్తోంది. నేనక్కడే, ఆ గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్తే నాన్న కొడతాడు. అట్టడుగుదాకా రాలేదది.”

షియులువాన్ తడిబట్ట ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఈ కథ ఆమె నలభై ఏళ్ళ కిందట ఒకసారి విన్నట్టుంది. రెండోసారి వినాల్సి వస్తుందని అనుకుని ఉండదు.

వాన్‌రూకి జాలి వేసింది. పదమూడేళ్ళ పిల్లవాడి మీద వేసింది. ఎదురుగా కూర్చున్న అరవై ఎనిమిదేళ్ళ మనిషి మీద మాత్రం రాలేదు. రానివ్వలేదు.

“నిరుడు లిన్‌తో పాప మందు మానిపించమన్నప్పుడు మీకు ఆమె గుర్తు రాలేదా మావయ్యా?”

“గుర్తు రాని రోజు ఉంటేగా?” ఆయన తల పైకెత్తాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. “నీకర్థం కాదు. పట్టీ నిజమైతే దాని రాత అంతే, ఎవరూ ఏం చెయ్యలేకపోయారు. పట్టీ చాలదని ఒప్పుకున్నానా, దాన్ని మేం చంపినట్టు. నాన్నా నేనూ కలిసి. యాభై అయిదేళ్ళుగా నేను వేసే ప్రతి పట్టీ...”

మాట పూర్తి కాలేదు. శటర్ మీద దబదబా చప్పుడైంది.

“మూడింటికి రమ్మన్నాంగా!” మింగ్‌దా అరిచాడు.

దబదబ ఆగలేదు.

“తెరవకు” అన్నాడు థియెన్‌సోంగ్. “ఇవాళ ఇక తెరవకండి.”

మధ్య పట్టీ రోజున ఆ ఇంటి తలుపు తెరవకపోవడం మూడు తరాల్లో లేదు. మింగ్‌దా తండ్రినీ పెళ్ళాన్నీ చూస్తూ మధ్యలో నిలబడ్డాడు, జీవితమంతా నిలబడినట్టే.

వాన్‌రూ గాజు గొట్టాన్ని గల్లా మీద పెట్టింది. దాని పక్కనే జేబులోంచి తీసి తన తెల్ల గొట్టాన్ని పెట్టింది. నడిచి వెళ్ళి, వంగి, శటర్ పిడి రెండు చేతులతో పట్టుకుని నెత్తిమీదికి ఎత్తింది.

ఎండ ఒక్కసారిగా కొట్టులోకి విరుచుకుపడింది.

వాకిట్లో లిన్ నిలబడి ఉంది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుంది. టింగ్‌టింగ్ ఆమె నడుముకి ఆనుకుని ఉంది. బార్లీ నీళ్ళ డబ్బా లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మెడ కింద గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది. లిన్ పిడికిట్లో నీలం ఇన్‌హేలర్.

“వీధి మూలదాకా వెళ్ళేసరికి మొదలైంది. టాక్సీ పిలిచాను, వస్తోంది” అంది లిన్. వాన్‌రూ వైపు చూడలేదు. ఆమెను దాటి, లోపల ముందు కుర్చీలో కూర్చున్న ముసలాయన వైపు చూసింది. “సంచి అడుగున ఇది దొరికింది. ఇయ్యొద్దని చెప్పింది మీరు. ఇయ్యమంటారా, వద్దంటారా? మీ నోటితో చెప్పండి.”

“ఇచ్చెయ్ లిన్! అడగడమేమిటి?” వాన్‌రూ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకుంది. లిన్ వేళ్ళు మాత్రం వదల్లేదు. బిగుసుకుపోయి ఉన్నాయి.

వెనక కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీరుకున్నాయి.

థియెన్‌సోంగ్ లేచి నిలబడ్డాడు.